ఇంజను ఆగినప్పుడు ముందు అడగవలసినది

మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట వైపు పాలేల్లో ఇంజను పడవ లేని చోటు ఇప్పుడు కనబడదు. పూర్వం కర్రతెప్ప మీద తెరచాప, తెడ్డు పెట్టుకొని వేటకు వెళ్లిన కుటుంబాలు, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి తెప్పలూ వలలూ కొట్టుకొనిపోయిన తరువాత, ఎక్కువగా ఫైబర్ పడవలకు మారాయి. తెప్ప కట్టు ఊడితే తాడుతో బిగించుకొనేవారు. ఇంజను ఆగితే అంత సులువు కాదు. ఒడ్డున ఆగితే ఆ రోజు కూలి పోతుంది, లోపల ఆగితే పడవ నీటివాటానికి కొట్టుకొనిపోతుంది.

మేము సేవ చేసే పాలెంలో ఒక సహోదరుని పడవ ఇలాగే మూడుసార్లు ఆగింది. మొదటిసారి ఇంకొక పడవవారు తాడు వేసి లాక్కొచ్చారు. రెండోసారి చీకటి పడేదాకా ఇంటివారు ఇసుకలో నిలబడి ఎదురుచూశారు. వారితో మేమూ నిలబడ్డాము. మరునాడు ఇంజను విప్పి పట్నంలో ఒక షాపుకు మోసుకొనిపోయారు. అక్కడ ఫిల్టరు మార్చారు, ఇంజను గంటసేపు చక్కగా నడిచింది. సముద్రంలోకి వెళ్లగానే మళ్లీ ఆగింది. ఈసారి డీజిల్ పంపే చెడిపోయిందన్నారు. భార్య గాజులు తాకట్టు పెట్టి కొత్త పంపు వేయించారు.

అయినా పడవ ఆగింది. అప్పుడు పాలెంలోని ఒక ముసలాయనను పిలిపించాము. పానా పట్టి చాలా ఏళ్లు పని చేసినవాడు. ఆయన ఇంజను ముట్టుకోలేదు. పడవ అంచు మీద కూర్చొని అడగడం మొదలుపెట్టాడు.

“బయల్దేరినాక ఎంతసేపటికి ఆగిందబ్బయా?”

“అరగంట, ముప్పావుగంట మామా.”

“ఠక్కున ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా?”

“దగ్గి దగ్గి ఆగింది.”

“మళ్లా ఎట్టా తిరిగింది?”

“డీజిల్ ఉందా లేదా అని ట్యాంకు మూత తీసి చూసినాం. కాసేపటికి తిరిగింది. మళ్లా ఆగింది.”

ముసలాయన లేచి ట్యాంకు మూత దగ్గరకు వెళ్లాడు. ఉప్పునీళ్లు పడకుండా దాని మీద పాలిథిన్ సంచి చుట్టి గట్టిగా దారం కట్టి ఉంది. మూతకు ఉండే చిన్న గాలిరంధ్రం దాని కింద మూసుకొనిపోయింది. ట్యాంకులోనుండి డీజిల్ దిగేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల గుంజుడు ఏర్పడి డీజిల్ దిగడం తగ్గిపోతుంది, ఇంజను ఊపిరాడనట్టు దగ్గి ఆగిపోతుంది. మూత తీస్తే గాలి పోయి మళ్లీ తిరుగుతుంది. షాపులో ఎందుకు దొరకలేదంటే, అక్కడ వేరే డబ్బా వేలాడదీసి నడిపారు. ట్యాంకు పడవలోనే ఉండిపోయింది!

ఆ తరువాత మేము ఆయన దగ్గర చాలాసార్లు కూర్చొని తెలుసుకొన్నాము. డీజిల్ ఇంజనుకు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. గనుక స్టార్టు కాకపోతే ప్రశ్నలు రెండే: డీజిల్ చేరుతున్నదా, లోపల నొక్కుడు ఉన్నదా. హ్యాండిలు నెమ్మదిగా తిప్పేటప్పుడు నాజిల్ దగ్గర కిర్రుమనే చిన్న శబ్దం వినబడితే డీజిల్ చేరినట్టే. వినబడకపోతే గొట్టంలో ఎయిర్ పట్టి ఉండవచ్చు. ఫిల్టరు మీది స్క్రూ కొద్దిగా వదులుచేసి, బుడగలు ఆగి డీజిల్ నిండుగా కారేదాకా ఉంచి బిగించాలి. అప్పటికీ కాకపోతే నాజిల్‌కు వెళ్లే పైపు నట్టు వదులుచేసి హ్యాండిలు తిప్పాలి. నాజిల్ విప్పి బయట పరీక్షించేటప్పుడు మాత్రం దాని ముందు చెయ్యి పెట్టవద్దు. అది సుమారు 200 కేజీల ఒత్తిడితో కొట్టే సన్నని ధార, చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనబడినా ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లవలసిన గాయమది.

నొక్కుడు సంగతి చేతికే తెలుస్తుంది. లివరు వదిలి తిప్పినప్పుడు హ్యాండిలు గట్టిగా ఎదురుతిరగాలి. మెత్తగా తిరిగిపోతే రింగులో వాల్వులో అరిగాయని అనుమానించాలి, అప్పుడే ఇంజను విప్పడం.

ఇక పొగ. నల్లపొగ వస్తే లోపలికి గాలి చాలడం లేదు, లేదా బరువు ఎక్కువైంది. ఎయిర్ క్లీనరు చూడండి, తరువాత ఫ్యానుకు వల పీలిక చుట్టుకొన్నదేమో చూడండి. నీలిపొగ అయితే ఇంజనాయిలు మండుతున్నది. తెల్లపొగ అంటే డీజిల్ పూర్తిగా మండడం లేదు, లేదా అందులో నీళ్లున్నాయి. ఇంజనాయిలు పుల్ల తీసి చూసినప్పుడు పాలలాగ తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే డీజిల్ అందులోకి కారుతున్నట్టు. అట్టి ఇంజనును నడపనేకూడదు.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం గదా! ఆ రోజుల్లో సగం ఖాళీ ట్యాంకులో సముద్రపు తేమ చేరి నీళ్లుగా దిగుతుంది. వేట మొదలుపెట్టేముందు ట్యాంకు అడుగునుండి కొంచెం డీజిల్ గాజుసీసాలో పట్టి, కాసేపు కదపకుండా ఉంచండి. డీజిల్ తేలిక గనుక నీళ్లు అడుగున విడిగా కనబడతాయి. నీళ్లున్నాయేమో చూడకుండా పంపు మార్చేవారిని మేము చూశాము.

రొయ్యల గుంటల దగ్గర ఇంజను పెట్టుకొన్నవారికీ ఇవే ప్రశ్నలు. వారి కష్టం తెల్లవారుజామున, నీటిలో ప్రాణవాయువు తగ్గే వేళ వస్తుంది. కాబట్టి సాయంత్రమే ఒకసారి నడిపి చూసుకోవాలి.

ఆ సహోదరుని ట్యాంకు మూతకు ముసలాయన సన్నని రాగిగొట్టం అతికించి, దాని మూతి కిందికి వంచాడు. గాలి పోతుంది, అలనీళ్లు పడవు. గాజులు విడిపించుకొనేసరికి ఆ ఇంటివారికి మరుసటి ఏడాది వేట దాకా పట్టింది. ఏ లోపమూ లేని ఆ పాత పంపు ఇప్పటికీ వారింటి అటక మీద గుడ్డలో చుట్టి ఉన్నది.