మూత్రపిండంలో గడ్డ: ఎం.ఆర్.ఐ. ఏం చెబుతుంది?

కడుపునొప్పితో వచ్చిన ఒక రోగికి అల్ట్రాసౌండ్ పరీక్ష చేశారు. నొప్పితో సంబంధం లేని చిన్న గడ్డ ఒకటి మూత్రపిండంలో కనిపించిందనుకుందాం. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు. శస్త్రచికిత్స చేసి తీసిన 4 సెంటీమీటర్ల లోపు గడ్డల్లో దాదాపు అయిదింట ఒకటి హానిలేనిదని తరువాతి పరీక్షలో తేలుతోంది. కాబట్టి కోతకు ముందే తేడా తెలిస్తే ఎంతో మేలు. ఇందుకు ఎం.ఆర్.ఐ. ఎలా తోడ్పడుతుందో చూద్దాం.

ప్రోటాన్ల సంకేతాలు

మన శరీరంలోని నీటిలోనూ కొవ్వులోనూ హైడ్రోజన్ ఉంటుంది. దాని కేంద్రకమైన ప్రోటాన్ అతిచిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. 1.5 టెస్లాల క్షేత్రంలో, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్ల బలంలో, ప్రోటాన్లు తూలే బొంగరాల్లా సెకనుకు దాదాపు 6.4 కోట్ల సార్లు తిరుగుతాయి. అదే పౌనఃపున్యం గల రేడియో తరంగాలను పంపితే అవి శక్తిని గ్రహించి, తిరిగి సంకేతాలు ఇస్తాయి. ఈ సంకేతాలతో చిత్రాలు తీసే మార్గం చూపిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

కొవ్వు ఇచ్చే ఆధారం

కొవ్వులోని ప్రోటాన్లు నీటిలోని వాటికంటే కాస్త నెమ్మదిగా తిరుగుతాయి. తేడా సెకనుకు 220 సార్లు మాత్రమే. అయినా యంత్రం దీన్ని పసిగట్టి, కొవ్వు సంకేతాన్ని విడిగా అణచివేయగలదు. అలా చేసినప్పుడు గడ్డలో తెల్లగా ఉన్న భాగం నల్లబడితే, అక్కడ కొవ్వు ముద్దగా ఉన్నట్లు. ఇది చాలావరకు యాంజియోమయోలైపోమా అనే క్యాన్సర్ కాని గడ్డకు గుర్తు.

అయితే కొవ్వు కనిపించగానే నిశ్చింతగా ఉండరాదు. క్లియర్ సెల్ క్యాన్సర్ కణాల్లోపల కూడా కొవ్వు బిందువులు ఉంటాయి. ఇక్కడ కొవ్వు ముద్దగా కాక, నీటితో కలిసిపోయి ఉంటుంది. సంకేతం పుట్టిన 2.3 మిల్లీసెకన్లకు నీటి, కొవ్వు ప్రోటాన్లు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. రెండూ ఒకేచోట ఉంటే ఒకదాన్నొకటి తగ్గించుకొని, చిత్రం మసకబారుతుంది. అప్పుడు క్యాన్సర్ అనుమానం బలపడుతుంది.

రక్తప్రసారం

గాడోలినియం మందును సిరలోకి ఎక్కిస్తే, రక్తం బాగా అందే గడ్డ ప్రకాశిస్తుంది. మామూలు నీటితిత్తిలో రక్తనాళాలు లేవు కనుక అది ప్రకాశించదు. క్లియర్ సెల్ క్యాన్సర్ త్వరగా, బాగా ప్రకాశిస్తుంది. పాపిల్లరీ అనే మరో రకం క్యాన్సర్ మెల్లగా, కొద్దిగా ప్రకాశిస్తుంది.

ఎం.ఆర్.ఐ. పరిమితి

ఆంకోసైటోమా అనే హానిలేని గడ్డ కూడా బాగా ప్రకాశిస్తుంది. దాన్ని క్యాన్సర్ నుంచి వేరుచేయడం చిత్రాలతో ఒక్కోసారి సాధ్యం కాదు. అప్పుడు సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. దీన్నే బయాప్సీ అంటారు. లేదా గడ్డ పెరుగుతోందేమో కొంతకాలం గమనిస్తారు.

ఏ ఒక్క చిత్రమూ తీర్పు కాదని గుర్తుంచుకోండి. కొవ్వు, నీరు, రక్తం ఇచ్చే సాక్ష్యాలను కలిపి చూసినప్పుడే వైద్యుడు ఒక నిర్ణయానికి రాగలడు. రోగి మూత్రపిండం నిలవడమా, పోవడమా అన్నది చాలాసార్లు ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటుంది.