ఈకలూడిన పెట్టను బేరానికి పెట్టకండి!

పొద్దున్నే గంప ఎత్తుతారు. ముందుగా పుంజు దూకుతుంది. వెనకే పెట్టలు రెక్కలు దులుపుకుంటూ ఒక్కొక్కటే బయటికొస్తాయి. అన్నిటికన్నా చివర ఒకటి వస్తుంది. దాని వీపున ఈకల్లేవు. మెడ బోసిగా, ఎర్రగా కనిపిస్తుంటుంది. నూకలు చల్లితే మిగతావి గుమిగూడి తింటాయి. ఇది మాత్రం గోడవార నిలబడి చూస్తుంది. ధైర్యం చేసి దగ్గరికొస్తే మరో పెట్ట ముక్కుతో ఒక్క పోటు పొడిచి తరిమేస్తుంది.

తెగులు తగిలింది కాబోలని ఇల్లాలు బెంగ పడుతుంది. సరిగ్గా అప్పుడే కోళ్ల బేరగాడు వీధిలో కేక వేస్తాడు. "ఇది జబ్బు కోడమ్మా, రేపటిదాకా ఉండదు. ఏదో ఇంత ఇస్తా, ఇచ్చెయ్" అంటాడు. నిన్నటిదాకా గుడ్డు పెట్టిన పెట్ట సగం ధరకు చెయ్యి మారుతుంది. నెల తిరక్కుండానే ఇంకో పెట్టకు అదే గతి పడుతుంది. ఎందుకంటే అమ్మింది కోడిని మాత్రమే. దాని ఈకలు ఊడగొట్టిన కారణం పెరట్లోనే ఉండిపోయింది.

పెరటి కోళ్లు పల్లెల్లో ఆడవాళ్ల చేతి డబ్బు. పిల్లల పుస్తకాలకూ, పండక్కీ, చుట్టం వచ్చిన పూటకూ అక్కరకొచ్చేవి అవే. ఈక ఊడిన ప్రతి కోడీ జబ్బు కోడి కాదు. ఈక ఎక్కడ ఊడిందో చూస్తే ఎందుకు ఊడిందో చాలావరకు తెలిసిపోతుంది. అది తెలిస్తే మందు కూడా చాలాసార్లు పెరట్లోనే దొరుకుతుంది.

కోళ్లకూ ఉంది పెద్దా చిన్నా వరస

నాలుగు కోళ్లు ఒకచోట ఉంటే వాటిలో ఒకటి పెద్దది అవుతుంది. అది మిగతా మూడింటినీ పొడుస్తుంది. రెండోది కింది రెండింటినీ పొడుస్తుంది. చిట్టచివరిది అందరి చేతా పొడిపించుకుంటుంది. నార్వే దేశానికి చెందిన షెల్డెరప్ ఎబ్బె చిన్నప్పటి నుంచీ ఇంటి కోళ్లను గమనిస్తూ పెరిగి, 1920ల మొదట్లో ఈ వరసను శాస్త్రీయంగా రాసిపెట్టాడు. మన అమ్మమ్మలు పుస్తకం చదవకుండానే చెప్పగలిగిన సంగతే ఇది.

ఈ వరస ఉండటం తప్పు కాదు. వరస కుదిరాక కొట్లాట తగ్గుతుంది. పెద్ద పెట్ట కాస్త మెడ చాస్తే చాలు, చిన్నది పక్కకు తప్పుకుంటుంది. చిన్నది తప్పుకోవడానికి చోటు లేకపోయినా, మేత అందరికీ చాలకపోయినా, కొత్త కోడి వచ్చి వరస చెదిరినా అసలు గొడవ మొదలవుతుంది. అప్పుడు చిన్న పోటు కాస్తా పెద్ద గాయమవుతుంది.

ఎక్కడ ఊడిందో చూడండి

కోడిని సాయంత్రం గూటికి చేరాక పట్టుకోండి. ఆ వేళ బెదరదు. ఒళ్లంతా తడిమి, ఈకలు విడదీసి చూడండి.

వీపు మీదా, తల వెనకా మాత్రమే బోసిగా ఉంటే అది చాలావరకు పుంజు పని. జోడు కట్టేటప్పుడు పుంజు ముక్కుతో మెడ పట్టుకుని, కాళ్లతో వీపు తొక్కుతుంది. తనకు నచ్చిన ఒకటి రెండు పెట్టల వెంటే పడితే వాటి వీపు బోడి అవుతుంది. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. నాలుగు పెట్టలకు మూడు పుంజులుంటే పెట్టలకు నిద్రా తిండీ ఉండవు. పండగ కోసం పెంచే పుంజులను విడిగా కట్టేయండి. పుంజు కాలి వెనక ముల్లు మొన తేలి ఉంటే, ఆ మొన వరకే ఆకురాయితో నున్నగా అరగదీయండి. లోతుగా కోస్తే రక్తం కారుతుంది.

రొమ్మున మాత్రమే ఈకలు లేకపోతే, ఆ పెట్ట పొదుగుకు కూర్చుంటోందేమో చూడండి. గుడ్లకు ఒంటి వెచ్చదనం తగలాలని పొదిగే పెట్ట రొమ్ము ఈకలు తానే వదులుతుంది. దానికి మందు అక్కర్లేదు.

తల నుంచి మొదలై మెడ, రొమ్ము, ఒళ్లు, తోక వరకూ వరసగా రాలుతూ, కింద ముళ్లలా కొత్త ఈకలు పొడుచుకొస్తుంటే అది కుబుసం విడిచినట్టు ఏడాదికోసారి జరిగే మార్పు. ఏడాది దాటిన పెట్టల్లో కనిపిస్తుంది. రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఆ రోజుల్లో గుడ్డు ఆగిపోతుంది. ఎక్కువమంది తొందరపడి అమ్ముకునేది ఈ పెట్టనే! ఓపిక పట్టి మంచి మేత పెడితే కొత్త ఈకతో నిగనిగలాడుతూ మళ్లీ గుడ్డుకొస్తుంది.

తోక కిందా, రెక్కల కిందా ఈకలు చిరిగి, చర్మం ఎర్రబడి, కోడి ఊరికే గోక్కుంటుంటే పేలని అనుమానించండి. ఈక మొదట్లో తెల్లని గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటాయి.

తోక మొదట్లో, వీపు చివర ఈకలు తెగిపోయి గాయాలుంటే తోటి కోళ్లు పీకుతున్నాయన్నమాట. ఇక్కడే ఆలస్యం పనికిరాదు.

జుట్టు మీదా ముఖం మీదా పొక్కులు, నల్లని పెచ్చులు ఉంటే అవి పొడిచిన గాయాలని పొరబడకండి. అది కోళ్ల మశూచి కావచ్చు. అటువంటి కోడిని వేరు చేసి పశువైద్యుడికి చూపించండి.

రక్తం కనిపిస్తే ఆ పూటే వేరు చేయాలి

ఎరుపు కంటపడితే కోళ్లు ఆగవు. ఒకటి పొడిస్తే పది పొడుస్తాయి. కొత్తగా వచ్చే ఈకల మొదట్లో రక్తం ఉంటుంది గనుక ఒక్క పోటుకే అది చిమ్ముతుంది. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టకు గుడ్డుతోపాటు తోక కింద లోపలి భాగం ఎర్రగా బయటికొస్తే, తోటివి పేగులదాకా లాగి చంపేస్తాయి.

రక్తం కారే కోడిని వెంటనే వేరే గంప కింద పెట్టండి. గాయాన్ని గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి, వేపనూనెలో పసుపు కలిపి రాయండి. ఎరుపు కనిపించదు, ఈగలు వాలవు. గాయం ఎండి, పెచ్చు కట్టేదాకా మందలో కలపవద్దు.

రక్తం లేకుండా ఒక కోడే అన్నింటినీ తరుముతుంటే, దెబ్బ తిన్నదాన్ని కాదు, కొట్టినదాన్ని తీసేయాలి. దెబ్బ తిన్నదాన్ని పది రోజులు దూరం పెట్టి తెస్తే అది మందకు కొత్తదై మళ్లీ తన్నులు తింటుంది. పొడిచే పెట్టను మూడు నాలుగు రోజులు విడిగా ఉంచండి. ఈలోగా వరస మారుతుంది. తిరిగొచ్చాక పాత పొగరు చాలావరకు తగ్గుతుంది.

పొడిచే కోడికి ముక్కు కోయిస్తే సరిపోతుందని కొందరంటారు. పెరటి కోడికి ముక్కే కూలి. పురుగునైనా గింజనైనా దానితోనే ఏరుకోవాలి. కోసేస్తే అది పస్తులుంటుంది.

కొత్త కోడికి కొత్త కోడలి కష్టాలు

సంతలో కొన్న పెట్టను తెచ్చి పట్టపగలు మందలో వదిలితే అన్నీ కలిసి మీద పడతాయి. పైగా అది కొక్కెర తెగులు మోసుకొచ్చిందంటే మందంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి రెండు మూడు వారాలు దూరంగా ఉంచి, ఆరోగ్యం చూసుకోండి. తర్వాత ఒక వారం పాత కోళ్లకు కనబడేలా వల చాటునో, గంప కిందో ఉంచండి. ఆ పైన చీకటి పడ్డాక గూట్లో చేర్చండి. తెల్లారి అన్నీ కలిసే లేస్తాయి. ఒంటరి కోడిని కాక రెండు మూడింటిని కలిపి వదిలితే పోట్లు పంచుకుంటాయి.

ఒడ్డూ పొడుగూ తేడా ఉన్నవాటిని కలిపితే చిన్నవి నలిగిపోతాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చి నాటు కోళ్లతో పెంచేవారు ఇది గుర్తుంచుకోవాలి. పిల్లలు ఎదిగేదాకా వేరుగా ఉంచడమే మేలు.

గూడు ఇరుకైతే గొడవ ఎక్కువ

రాత్రి పడకకు ఒక్కో కోడికి ఒకటి రెండు చదరపు అడుగుల చోటుండాలి. ఎక్కి కూర్చునే కర్ర మీద ఒక్కోదానికి జానెడు చోటు కావాలి. నాలుగైదు పెట్టలకొక గుడ్ల గంప, అదీ చీకటిగా ఉన్న మూల పెట్టండి. మేత ఒకేచోట పోయకుండా రెండు మూడుచోట్ల దూరదూరంగా చల్లండి. ఒకచోట పెద్ద పెట్ట కాపలా కాస్తే మరోచోట చిన్నది తింటుంది. నీళ్ల చట్టీలు కూడా రెండుండాలి. ఎండాకాలంలో నీడ, చల్లని నీరు లేకపోతే కోళ్లు చిరాకుపడి పొడుచుకుంటాయి. పెరట్లో ఒక పాత మంచమో, తాటాకుల దడో వాలుగా పెట్టండి. తరిమినప్పుడు చిన్నది దాని వెనక దాక్కుంటుంది.

వానాకాలం రోజుల తరబడి మూసిపెట్టాల్సి వస్తే మునగాకు, తోటకూర కట్ట కట్టి కోడి మెడ ఎత్తున వేలాడదీయండి. ముక్కుకు పని దొరికితే పక్కదాని ఈక మీదకు పోదు.

ఈకకు కావలసింది మాంసకృత్తులు

ఈకలో ఎక్కువ భాగం మాంసకృత్తులే. గుడ్డుకూ అవే కావాలి. ఒక్క నూకలే వేస్తే రెండింటికీ చాలవు. ఆ కరువులో కోళ్లు తోటివాటి ఈకలు పీకి తినడం నేర్చుకుంటాయి. నూకలు, తవుడులో గుప్పెడు నువ్వుల చెక్క కలపండి. ఈక పెరగడానికి కావలసిన సారం అందులో బాగా ఉంది. వేరుశనగ చెక్క కూడా మంచిదే కాని బూజు పట్టినది విషం. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ పెట్టి చెదలున్నచోట బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. ఖర్చు లేని మేత ఇది. అజొల్లా పెంచుకున్నవారు అదీ వేయవచ్చు. ఉప్పు చేప ముక్కలు మాత్రం ఎక్కువ పెట్టవద్దు. ఉప్పు మితిమీరితే కోడికి ప్రమాదం.

పేలకు పొలం మందు కొట్టవద్దు

పత్తికో, మిరపకో కొట్టగా మిగిలిన మందును కోళ్ల మీద చల్లేవారున్నారు. కోడి చచ్చిపోవచ్చు. బతికినా ఆ విషం గుడ్డులోకి చేరి, దాన్ని తినే పిల్లలకు ముప్పు తెస్తుంది. ఈ పని ఎవరూ చేయవద్దు.

వాన పడని చోట జానెడు లోతు గుంత తీసి పొడి మట్టి, ఇసుక, కట్టెల బూడిద కలిపి పోయండి. కోళ్లు అందులో పొర్లి పేలు చాలావరకు దులుపుకుంటాయి. బూడిద పూర్తిగా చల్లారాలి. అప్పటికీ తగ్గకపోతే పశువైద్యశాలలో చెప్పే పొడిమందు వాడండి. పేల గుడ్లకు మందు పట్టదు గనుక పది రోజుల తర్వాత మరోసారి వేయాలి.

కోడి ఒంటిమీద ఏమీ కనబడకుండా రోజురోజుకీ పాలిపోతుంటే రాత్రిపూట టార్చిలైటుతో గూడు చూడండి. పిడుదులు పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. నెలల తరబడి తిండి లేకున్నా చావవు. పాత గడ్డి కాల్చేసి, పగుళ్లలో మరిగే నీళ్లు పోసి, ఆరాక సున్నం దట్టంగా పూయండి.

ఇన్ని చేసినా ఊడిన ఈక మర్నాటికి రాదు. కొన్ని వారాలు పడుతుంది. ముందుగా కనబడే మార్పు ఈక కాదు, నడక. గోడవార నిలబడిన పెట్ట మేత దగ్గరికి బెదురు లేకుండా వస్తుంది. అది చూశారంటే మీ పని ఫలించినట్టే. ఇక బేరగాడు వీధిలో కేక వేసినా గంప ఎత్తనక్కర్లేదు.