లెక్క అయిపోయింది సార్... తర్వాత?

వెనకబడ్డ పిల్లల గురించి బడిలో ఎవరో ఒకరు ఆలోచిస్తారు. మరి ముందుకెళ్లిపోయిన పిల్లల సంగతో? కరవు సీమ అనంతపురంలో ఈ ప్రశ్న వయసు యాభై ఏళ్ల పైమాటే.

బోర్డు మీద పది లెక్కలుంటాయి. క్లాసంతా రెండో లెక్క దగ్గరుండగానే ఓ పాప పదీ చేసేసి నోటుపుస్తకం మూసేస్తుంది. 'అయిపోయిందా? ఇంకో పది చెయ్' అంటారు టీచరు. లేదంటే 'గమ్మునుండు' అంటారు. అలా రెండేళ్లు గడిస్తే ఆ పాప నేర్చుకునేది ఒక్కటే... తొందరగా చేయకూడదని!

ఏరి తీసుకెళ్లే బడులు

ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని మెట్ట నేల ఇది. ఇక్కడ చాలా ఇళ్లకు చదువే రెండో పంట. అందుకే 1972లో హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో గురుకులం రావడం పెద్ద మలుపు. అంతకు ముందు ఏడాదే తెలంగాణలో సర్వేల్ గురుకులం మొదలైంది. కోస్తాకు తాడికొండ, సీమకు కొడిగెనహళ్లి దక్కాయి. పల్లె పిల్లల్లోంచి చురుకైనవాళ్లను పరీక్షతో ఏరి, తిండీ బసా ఇచ్చి చదివించడం వీటి పద్ధతి.

తర్వాత లేపాక్షికి నవోదయ వచ్చింది. 2022లో జిల్లాలు విడిపోయాక ఈ రెండూ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. నవోదయలో ఆరో తరగతికి ఉండేవి మామూలుగా 80 సీట్లు. కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. ప్రవేశ పరీక్షలో తర్కం, లెక్కలతో పాటు చదివి అర్థం చేసుకునే శక్తికీ మార్కులుంటాయి.

బాగానే ఉంది. కానీ సీటు రాని పిల్లలు సోమవారం మళ్లీ అదే క్లాసుకు వస్తారు. వాళ్ల తెలివి ఒక్క పరీక్షతో తగ్గిపోదు కదా! అసలు సమస్య అక్కడే ఉంది.

ఎక్కువ కాదు, లోతు

చురుకైన పిల్లలకు కావాల్సింది అవే లెక్కలు మరో పది కాదు. అదే పాఠంలో ఇంకో మెట్టు. మన చెనిక్కాయల లెక్కే చూడండి. కాయలు ఒలిస్తే 70 శాతం గింజలొస్తాయనుకుందాం. 50 కిలోల కాయలకు ఎన్ని గింజలు? 35 కిలోలని క్లాసంతా చెబుతుంది. ముందే ముగించిన పిల్లకు ఇలా ఇవ్వొచ్చు: వాన ముఖం చాటేసింది, సగం కాయలు తాలుపోయి 60 శాతమే గింజలిస్తున్నాయి. 65 కిలోల గింజలు కావాలంటే మొత్తం ఎన్ని కిలోల కాయలు కొనాలి? జవాబు 100 కిలోలు. ఆనక 'ఇలాంటి లెక్క నువ్వే ఒకటి తయారుచెయ్' అనండి. పాఠం అదే, మెదడుకు పని మాత్రం వేరు.

చదవడంలోనూ అంతే. తెనాలి రామకృష్ణుడి కథ గడగడా చదివేసిన పిల్లాణ్ని మళ్లీ చదవమనొద్దు. 'ఇదే కథ రాజుగారు చెబితే ఎలా ఉంటుంది?' అని రాయమనండి. అసలు లెక్కనూ చదువునూ విడదీయడం మన అలవాటు కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యం అర్థమైతేనే లెక్క తెగేది!

ఇంట్లో ఏం చేయొచ్చు?

ప్రతిభ ఉన్న పిల్లలకు అదనపు సామగ్రి ఇచ్చి ప్రోత్సహించాలని 2020 జాతీయ విద్యా విధానమూ చెప్పింది. అరవై మందికి ఒక్కరే టీచరైతే అది తేలిక కాదు. అందుకే కొంత భారం ఇంటిదీ. సంతకు వెళ్లేటప్పుడు చిల్లర లెక్క పిల్లలకు అప్పగించండి. పేపర్లో ఓ వార్త చదివించి 'ఇందులో చెప్పనిదేమిటి?' అని అడగండి. తప్పు చెబితే నవ్వకండి. ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లలకు తప్పంటే మహా భయం. కష్టమైన లెక్క దగ్గర ఆగిపోవడం వాళ్లకు అలవాటు కావాలి.

సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదివే పేదింటి పిల్లలకు 2008లో జాతీయ ఉపకార వేతన పరీక్ష ఒకటి మొదలైంది. నెగ్గినవారికి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా సాయం అందుతుంది. 2017లో ఆ మొత్తాన్ని ఏడాదికి 12,000 రూపాయలు చేశారు. దీని గురించి బడిలో అడిగి చూడండి.

కొడిగెనహళ్లి సీటు అందరికీ రాదు. కానీ ఒక మంచి ప్రశ్న ఏ ఊరి బడిలోనైనా దొరకొచ్చు. దానికి ప్రవేశ పరీక్ష అక్కర్లేదు.