బండలోని నాచు, చౌడులోని నాచు

కడప జిల్లా తుమ్మలపల్లె ప్రాంతపు సున్నపుబండలో అక్కడక్కడ ఎర్రగడ్డ కోసినట్లు పొరలు కనబడతాయి. 190 కోట్ల ఏండ్లకు ముందు, లోతులేని సముద్రపుటొడ్డున నీలి ఆకుపచ్చ నాచు అనే సూక్ష్మజీవులు కట్టిన కట్టడమది. వాటి జిగటకు బురద అంటుకునేది. అవి వెలుగు కోసం పైకి పాకేవి. అట్లా పొరమీద పొర పేరుకొని రాయి అయింది.

ఆ జాతి నేటికీ ఉన్నది. వాన వెలిసినాక చౌడు చెలకలో పచ్చగా పరుచుకునేది అదే. జొన్న మొలవని చోట అదెట్లా బతుకుతుంది? ఒంటిచుట్టూ ఉన్న జిగురుపొర తేమను పట్టివుంచుతుంది. కణంలో చేరిన ఉప్పును బయటికి నెడుతుంది. ఎండితే నిద్రపోయి, తడిస్తే లేస్తుంది. కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని నేలకిస్తాయి.

చౌడునేలకు గట్లు వేసి, వాననీరు నిలిపి, ఈ నాచును పెంచితే నేల బాగుపడుతుందని కాశీ విశ్వవిద్యాలయపు ఆర్.ఎన్. సింగ్ గారు 1950లో ప్రకటించారు.

అయితే ఒక్కమాట. నాచు పని పైపొరలోనే. లోపలి చౌడు పోవాలంటే మట్టి పరీక్ష చేయించి, తగినంత జిప్సం చల్లి, నీరు కట్టి, మురుగుకాలువ గుండా ఆ ఉప్పునీటిని బయటికి పంపవలసిందే. నాచును గీకి పారేయవద్దు. దానిమీదనే భారం వేసి కూర్చోనూ వద్దు.