కుదిపేది స్ప్రింగేనా? పాత స్పోర్ట్స్ కారుకు ఒక భౌతికశాస్త్ర పరీక్ష

బిలాస్‌పూర్ జంక్షన్‌లో నాగ్‌పూర్ వైపు వెళ్లే వందేభారత్ ఎక్కినవారు చేతిలో టీ కప్పుతో నిశ్చింతగా కూర్చోవచ్చు. 2022 డిసెంబరు 11న మొదలైన ఈ రైలు గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంలోనూ కప్పులో టీ పెద్దగా తొణకదు. అదే మనిషి స్టేషన్ బయటకు వచ్చి, ఇరవై ఏళ్లు పైబడిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో రైల్వే కాలనీ స్పీడ్ బ్రేకర్ దాటితే నడుము కలుక్కుమంటుంది. వేగం గంటకు ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా దెబ్బ నేరుగా వెన్నుకే తగులుతుంది.

"స్పోర్ట్స్ కారంటే అంతే, గట్టిగానే ఉంటుంది" అని చాలామంది సర్దుకుపోతారు. కొందరు గ్యారేజీకి వెళ్లి నాలుగు స్ప్రింగులూ, నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్పిస్తారు. డబ్బు ఖర్చయ్యాక కూడా కుదుపు అలాగే ఉండిపోవచ్చు. జబ్బు ఎక్కడుందో తెలుసుకోకుండా మందు వేయడమే ఇందుకు కారణం. కొత్తగా ఉన్నప్పుడు హాయిగా నడిచిన కారు ఇప్పుడు కుదుపుతోందంటే ఏదో ఒకటి మారింది. అదేమిటో కనిపెట్టడానికి ఇంటర్మీడియట్‌లో చదివిన స్ప్రింగు పాఠం, ఒక స్కేలు, ఒక స్మార్ట్‌ఫోన్ చాలు.

రైలు పెట్టె నేర్పే పాఠం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే ప్రధాన కేంద్రమైంది. ఆ కుటుంబాల్లో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేసినవారికి ఈ వ్యాసంలోని విషయం కొత్తేమీ కాదు.

పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 నుంచి తయారుచేసిన పాత పెట్టెల్లో ఇరుసు పెట్టెల దగ్గర స్ప్రింగులు, వాటి లోపల నూనె నింపిన డ్యాష్‌పాట్లు ఉంటాయి. ఆ నూనె తగ్గితే పెట్టె ఊగిసలాడుతుంది. 2000 ప్రాంతంలో జర్మనీ నుంచి వచ్చిన ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో నిలువు ఊపుకు, పక్క ఊపుకు, బోగీ మెలికలు తిరగడానికి వేర్వేరు హైడ్రాలిక్ డ్యాంపర్లు అమర్చారు. వందేభారత్‌లో రెండో అంచెలో ఉక్కు స్ప్రింగుల స్థానంలో గాలి స్ప్రింగులు వచ్చాయి.

ప్రయాణ సౌఖ్యాన్ని రైల్వే ఇంజినీర్లు స్పెర్లింగ్ సూచిక అనే అంకెతో కొలుస్తారు. ఆ అంకె ఎంత తక్కువగా ఉంటే ప్రయాణం అంత హాయిగా ఉన్నట్టు. ఈ సూచిక అన్ని కుదుపులనూ ఒకే తూకంలో తూచదు. సెకనుకు ఐదారుసార్ల చుట్టుపక్కల వచ్చే నిలువు కంపనాలకు ఎక్కువ బరువు ఇస్తుంది, ఎందుకంటే మన శరీరం సహించలేనివి అవే. పాత కారు విషయంలోనూ అసలు కీలకం ఇక్కడే ఉంది.

శరీరానికి నచ్చని పౌనఃపున్యం

నడిచేటప్పుడు మనం సెకనుకు సుమారు రెండడుగులు వేస్తాం. ఆ లయకు శరీరం అలవాటు పడింది. అందుకే సెకనుకు ఒకటి రెండుసార్లు, అంటే 1 నుంచి 2 హెర్ట్జ్ వేగంతో ఊగే కారు మనకు హాయిగా అనిపిస్తుంది. అర హెర్ట్జ్ కంటే తక్కువైతే పడవలోలా కడుపులో తిప్పుతుంది. 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య వచ్చే నిలువు కంపనాలకు పొట్ట, ఛాతీ భాగాలు అనునాదం చెందుతాయి. మనిషి శరీరంపై కంపనాల ప్రభావాన్ని అంచనా వేసే ఐఎస్ఓ 2631 ప్రమాణం కూడా నిలువు కంపనాల్లో ఈ మధ్య భాగాన్నే ఎక్కువగా పట్టించుకుంటుంది.

ఇప్పుడు కారు లెక్క చూద్దాం. మొత్తం 980 కిలోల చిన్న స్పోర్ట్స్ కారు ఉందనుకుందాం. ఒక్కో మూలకు 245 కిలోలు. అందులో చక్రం, బ్రేకు వంటివి 35 కిలోలు పోగా, స్ప్రింగు మోసేది 210 కిలోలు. చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అనుకుంటే, ఆ బరువుకు స్ప్రింగు సుమారు 10 సెంటీమీటర్లు కుంగుతుంది. ఇక్కడ ఒక సులువైన సూత్రం ఉంది. కుంగుదలను సెంటీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 5ను భాగిస్తే సహజ పౌనఃపున్యం వస్తుంది. పది వర్గమూలం సుమారు 3.2 కాబట్టి జవాబు 1.6 హెర్ట్జ్. స్పోర్ట్స్ కారుకు ఇది సబబైన అంకె. గట్టిగా ఉంటుంది కానీ నడుము విరగదు.

అదే కారులో బుష్‌లు, బాల్ జాయింట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయనుకోండి. చిన్న గతుకులకు స్ప్రింగు కదలనే కదలదు. అప్పుడు కారు మొత్తం బరువు టైర్ల మీదే ఊగుతుంది. టైరు కూడా ఒక స్ప్రింగే, కాకపోతే చాలా గట్టిది. దాని గట్టిదనం మిల్లీమీటరుకు 180 న్యూటన్లు అనుకుంటే, 245 కిలోల బరువుతో పౌనఃపున్యం 4.3 హెర్ట్జ్ అవుతుంది. అంటే స్ప్రింగును ముట్టుకోకపోయినా, కారు మన శరీరానికి నచ్చే 1.6 నుంచి సరిగ్గా నచ్చని ప్రాంతంలోకి దూకేసింది. ఇలాంటి కారుకు ఎంత మెత్తని స్ప్రింగు వేసినా ఉపయోగం లేదు. కదలని తలుపుకు కొత్త గడియ బిగించినట్టే.

ఖర్చులేని పరీక్షలు ముందు

మొదటిది టైర్లలో గాలి. ఉదయం, కారు కదలకముందు చూడాలి. 25 డిగ్రీల వద్ద 30 పీఎస్ఐ ఉన్న టైరు, ఛత్తీస్‌గఢ్ ఎండలో పరుగెత్తి 60 డిగ్రీలకు వేడెక్కితే గేజీలో సుమారు 35 చూపిస్తుంది. అది వాయు నియమం ప్రకారం జరిగేదే. వేడి టైరులోంచి గాలి తీసేస్తే మర్నాటి ఉదయానికి తక్కువైపోతుంది. పంపులో అందరికీ కొట్టినట్టు 35 కొట్టించుకోకుండా, కంపెనీ చెప్పిన అంకెనే పాటించాలి. తేలికైన కార్లకు అది తక్కువే ఉంటుంది.

టైరు పక్క గోడ ఎత్తు కూడా చూడండి. 185/60 టైరుకు అది 111 మిల్లీమీటర్లు. అందం కోసం పెద్ద అల్లాయ్ చక్రాలు వేసి 205/45 టైరు తొడిగితే 92 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. మెత్తగా ఒదిగే రబ్బరు దాదాపు రెండు సెంటీమీటర్లు పోయినట్టే. టైరు గోడ మీద నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. 1415 అంటే 2015లో పద్నాలుగో వారం. అరిగిపోకపోయినా, ఏళ్లు గడిచిన టైరు రబ్బరు గట్టిపడుతుంది.

రెండోది ఎత్తు. చదునైన నేల మీద చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలల్లో కొలవండి. అలసిపోయిన స్ప్రింగు మెత్తబడి కారు హాయిగా ఉండాలి కదా అనిపిస్తుంది. నిజానికి జరిగేది తలకిందులు. కారు కుంగిపోవడంతో స్ప్రింగుకు కదిలే చోటు తగ్గిపోయి, ప్రతి గతుకుకూ బంప్ స్టాపర్ అనే రబ్బరు ముద్ద మీద కూలబడుతుంది. అది నొక్కేకొద్దీ విపరీతంగా గట్టిపడుతుంది. షాక్ అబ్జార్బర్ కడ్డీకి పలచగా గ్రీజు పూసి, కాసేపు నడిపాక ఎక్కడి వరకు తుడుచుకుపోయిందో చూస్తే స్టాపర్ తగులుతోందో లేదో తెలిసిపోతుంది.

మూడోది రాపిడి. ఇదే అసలు పరీక్ష, ఎక్కువమంది చేయనిది కూడా ఇదే. కారును ఒక మూల చేత్తో కిందికి నొక్కి, నెమ్మదిగా వదలండి. ఎత్తు కొలవండి. అదే మూలను పైకెత్తి, నెమ్మదిగా వదిలి మళ్లీ కొలవండి. రాపిడి లేకపోతే రెండు కొలతలూ దాదాపు ఒకటే ఉండాలి. టైర్లు నేలను పట్టుకోవడం వల్ల కొన్ని మిల్లీమీటర్ల తేడా మామూలే. మన లెక్కలోని కారులో 20 మిల్లీమీటర్ల తేడా వస్తే, దాదాపు 200 న్యూటన్ల బలం దాటితే గానీ ఆ మూల కదలడం లేదని అర్థం. ఏ మూలలో తేడా ఎక్కువో అక్కడి బుష్‌లూ జాయింట్లూ ముందు చూడాలి.

ఫోన్ చెప్పే జాతకం

ఫోన్లలో త్వరణాన్ని కొలిచే సెన్సరు ఉంటుంది. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ దాన్ని ప్రయోగ పరికరంగా మారుస్తుంది. ఫోన్‌ను కారు నేలకు టేపుతో గట్టిగా అతికించి, బయలుదేరకముందే రికార్డింగ్ మొదలుపెట్టి, రోజూ వెళ్లే గతుకుల రోడ్డు మీద ఒకే వేగంతో ఒక నిమిషం నడపండి. ఆగాక నిలువు త్వరణపు వర్ణపటం చూడండి.

ఒకటి రెండు హెర్ట్జ్ దగ్గర ఎత్తైన శిఖరం ఉంటే, స్ప్రింగు ఊపును షాక్ అబ్జార్బర్ ఆపలేకపోతోంది. చేత్తో నొక్కి వదిలినప్పుడు కారు ఒకసారి పైకి లేచి, కొద్దిగా దిగి ఆగాలి. మూడు నాలుగుసార్లు ఊగితే డ్యాంపర్ పని అయిపోయినట్టే. నాలుగు హెర్ట్జ్ దగ్గర శిఖరం ఉంటే రాపిడిని, లేదా అతి గట్టి డ్యాంపర్‌ను అనుమానించాలి. పన్నెండు హెర్ట్జ్ దగ్గర ఉంటే చక్రమే నేల మీద గెంతుతోంది. బరువైన చక్రాలు, ఎక్కువ గాలి, నీరసించిన డ్యాంపర్ అందుకు కారణాలు కావచ్చు. లయ లేకుండా అప్పుడప్పుడు ఒక్కో పెద్ద దెబ్బ కనిపిస్తే బంప్ స్టాపర్ తగులుతోంది.

మరమ్మతులో వరుస

గాలి, టైర్ల సంగతి తేలాక బుష్‌ల వంతు. వేడికి, గాలిలోని ఓజోన్‌కు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. కొత్తవి వేసేటప్పుడు చాలాచోట్ల ఒక పొరపాటు జరుగుతుంది. కారు లిఫ్టు మీద, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు బిగించేస్తారు. రబ్బరు బుష్ మెలితిరగడం ద్వారానే పనిచేస్తుంది. వేలాడుతున్న స్థితిలో బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే అది ముందే మెలిపడి ఉంటుంది. స్ప్రింగుకు తోడు మరో స్ప్రింగు కలిసినట్టై ప్రయాణం గట్టిపడుతుంది, బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు వేయమని మెకానిక్‌కు ముందుగానే చెప్పండి. కొత్త భాగాలు వేశాక కుదుపు పెరిగిందంటే మొదట చూడాల్సింది ఇదే.

ఆ తర్వాత బంప్ స్టాపర్లు, డ్యాంపర్ పైన ఉండే రబ్బరు మౌంటులు. అవి పొడిపొడిగా రాలిపోతే లోహం లోహాన్ని కొడుతుంది. డ్యాంపర్లు మార్చాల్సి వస్తే ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి మార్చాలి. సర్దుబాటు ఉన్న డ్యాంపర్లైతే మెత్తని చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టు పెంచాలి. పైకి లేచే కదలికను అతిగా అడ్డుకుంటే, వరుస గతుకుల మీద స్ప్రింగు తిరిగి సాగేలోపే మరో దెబ్బ తగులుతుంది. కారు మెల్లమెల్లగా కిందికి దిగిపోయి స్టాపర్ మీద కూర్చుంటుంది.

స్ప్రింగులు చివరి మాట. ఎత్తు నిజంగా తగ్గిందని కొలతలో తేలితేనే, అసలు కొలతలున్న స్ప్రింగులు వేయాలి. కారు కిందికి కనిపించాలని స్ప్రింగు చుట్టు కోసేవారున్నారు. ఆరు చుట్ల స్ప్రింగులో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, కదిలే చోటు తగ్గుతుంది. రెండు వైపులా నష్టమే. కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా అనుమతించదు.

ఒక హెచ్చరిక. మన లెక్కలో 10 సెంటీమీటర్లు నొక్కుకుపోయిన స్ప్రింగులో సుమారు 100 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. పది కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత. స్ప్రింగు విప్పే పని తగిన పనిముట్లున్న మెకానిక్‌కే వదిలేయండి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి.

కుదుపు నడుము నొప్పితో ఆగదు

గట్టిగా కుదిపే కారు రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని ఒక నమ్మకం ఉంది. రేసు ట్రాకులాంటి నున్నని తారు మీద అది కొంతవరకు నిజం. గతుకుల రోడ్డు మీద కాదు. చక్రం గుంతలోకి దిగి, గట్టును ఎక్కి, నేలను అంటిపెట్టుకుని ఉంటేనే టైరుకు పట్టు దొరుకుతుంది. నేలను వదిలి గాల్లో ఉన్న చక్రం ఎంత మంచి బ్రేకు ఉన్నా కారును ఆపలేదు, తిప్పలేదు. వర్షాకాలంలో మలుపు దగ్గర పిల్లవాడు అడ్డొచ్చినప్పుడు ఆ క్షణం ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

డిపోలో రైలు పెట్టె కింద కూర్చున్న ఫిట్టరు భాగాన్ని మార్చే ముందు నూనె మట్టం చూస్తాడు, స్ప్రింగు ఎత్తు కొలుస్తాడు. పాత కారుకూ అదే పద్ధతి. ముందు గాలి, తర్వాత ఎత్తు, ఆ తర్వాత రాపిడి. ఈ మూడూ తేలాకే డబ్బు సంచి విప్పాలి. రేపు ఉదయం కారు బయటకు తీసేముందు గేజీ, స్కేలు పట్టుకుని పది నిమిషాలు దాని పక్కన కూర్చోండి. నాలుగు మూలల అంకెలు ఒక కాగితం మీద రాసుకుని గ్యారేజీకి వెళితే, మాట "అన్నీ మార్చేద్దాం" దగ్గర కాకుండా "వెనక ఎడమ మూల చూద్దాం" దగ్గర మొదలవుతుంది.