రక్తధారకు కావలి
జగ్గయ్యపేటనుండి నందిగామమీదుగా విజయవాడకు పోవు జాతీయ రహదారిపై, ప్రమాదమున నెత్తురోడినవానినో, విషజ్వరముతో స్పృహ దప్పినవానినో అంబులెన్సులో తరలించునపుడు, బంధువులు మొదట అడుగునది “బీపీ ఎంతున్నదమ్మా?” అనియే. ఆ ప్రశ్న సహేతుకమే. కాని ఐసీయూలోని నర్సు, ధమనుల సగటు పీడనము 65 మిల్లీమీటర్ల పాదరసమునకు దిగువకు జారినచో మూత్రపిండములకును మెదడునకును రక్తము చాలకపోవచ్చునని యెఱిగి, మణికట్టు ధమనిలో అమర్చిన సన్నని గొట్టము ద్వారా ప్రతి హృదయస్పందనమును తెరపై తరంగముగా కనిపెట్టుచుండును.

ఇచట నొక సూక్ష్మమున్నది. పీడనమును గ్రహించు ట్రాన్స్‌డ్యూసరు రోగి గుండె మట్టముననే యుండవలెను. అది 10 సెంటీమీటర్లు క్రిందికి జారినచో అంకె సుమారు 7 మిల్లీమీటర్లు అధికముగా కనబడి ఆపదను కప్పిపుచ్చును. మంచపు ఎత్తు మార్చిన ప్రతిసారియు ఆమె దానిని సరిచూచుట అందుకే.

పీడనమును మరింత లోపల కొలుచుటకై 1970లో స్వాన్, గాంజ్ అను వైద్యులు బెలూను గొట్టమును గుండెగుండా ఊపిరితిత్తుల ధమనిలోనికి పంపు విధానమును ప్రకటించిరి. యంత్రములెంత పెరిగినను, వ్రేలికొనను నొక్కి విడిచినపుడు ఎఱుపు 3 సెకండ్లలో మరలివచ్చుచున్నదా యని చూచుట, గంటగంటకు మూత్రము కొలుచుట చిన్న ఊరి ఆసుపత్రిలోను చేయదగిన పనులు. వీనిని నేను అంకెకంటె తక్కువగా ఎంచను. ఏలయన, రక్తము తగ్గినపుడు శరీరము చర్మపు నాళములను బిగించి, గుండెకును మెదడునకును దానిని మళ్ళించి, బీపీని కొంతసేపు నిలబెట్టును. తెరపై బీపీ పై అంకె 110 కనబడుచుండగనే రోగి చేతులు చల్లబడుచుండును.