మూడు చీరలు చాలు

నాన్నగారికి బదిలీ ఉత్తర్వులు రాగానే ఇంట్లోకి అట్టపెట్టెలు వచ్చేస్తాయి. ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్న చర్చ మొదలవుతుంది. మనకు మాత్రం ఏదీ వదలబుద్ధి కాదు! ఇలాంటప్పుడు మనం ఉంటున్న ఈ కోల్‌కతాలోనే జీవించిన మదర్ థెరిసాను ఒకసారి తలచుకుందాం.

ఆమె 1910లో స్కోప్యే నగరంలో పుట్టారు. 1929లో భారతదేశం వచ్చి, ఇక్కడి ఎంటాలీలో సెయింట్ మేరీస్ పాఠశాలలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. 1948లో కాన్వెంటు విడిచి, నీలి అంచు తెల్లచీర కట్టుకొని మురికివాడల్లోకి నడిచారు. 1950 అక్టోబరు 7న మిషనరీస్ ఆఫ్ చారిటీ సంస్థ ఏర్పడింది. 1952లో కాళీఘాట్‌లో 'నిర్మల్ హృదయ్' తెరిచి, వీధుల్లో చావుబతుకుల మధ్య ఉన్నవారిని చేరదీశారు.

ఆ సంస్థలో ఒక్కో సిస్టరుకు మూడే చీరలు. ఆ చీరలను టిటాగఢ్‌లో కుష్ఠువ్యాధి బాధితులు నేస్తారు. 1964లో పోప్ ఆరవ పాల్ తన కారును మదర్‌కు బహూకరించారు. ఆమె దాన్ని లాటరీలో పెట్టి, వచ్చిన సొమ్మును కుష్ఠురోగుల కోసం వాడారు. 1979లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు విందు వద్దని, ఆ ఖర్చును పేదలకు ఇమ్మని కోరారు.

ఈ జీవితం వెనుక బైబిలు బోధ ఉంది. కలిమిలోనైనా లేమిలోనైనా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు, అదీ చెరసాల నుంచి! అంటే తృప్తి పుట్టుకతో రాదు, లెక్కల్లాగే సాధన చేసి నేర్చుకోవాలి. దేవాలయంలో ధనవంతులు తమకు మిగిలినదాంట్లోంచి కానుకలు వేశారు. ఒక పేద విధవరాలు తన దగ్గరున్న రెండు చిన్న నాణేలూ వేసింది. ఆమె కానుకే పెద్దదని యేసు శిష్యులకు చెప్పాడు.

ఇప్పుడు మన అట్టపెట్టెల దగ్గరికి వద్దాం. చక్రం ఊడిన బొమ్మను, చిరిగిన పుస్తకాన్ని పనిమనిషి పిల్లలకు ఇచ్చి దానం చేశామనుకుంటాం. నిజానికి అది ఇల్లు ఖాళీ చేసుకోవడమే. మనకు ఇష్టమైనది ఇచ్చినప్పుడే మనసు కాస్త చివుక్కుమంటుంది, తర్వాత తేలికపడుతుంది. 'నాకు ఇది చాలు' అనుకున్నవారికే ఇంకొకరి అవసరం కనబడుతుంది.

వచ్చే బదిలీకి మనం ఒక పని చేద్దాం. ఊరు వదిలేముందు, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకున్న వస్తువుల్లోంచి ఒకటి తీసి, అది అవసరమైన వారి చేతిలో పెడదాం. పెట్టె కాస్త తేలికవుతుంది, మనం వదిలి వెళ్తున్న ఊళ్లో మన గుర్తుగా ఒక సంతోషం మిగులుతుంది.